1970 షెవ్రొలే మాలిబు కారు, 350 ఇంజన్ బోరుకొచ్చింది – కిట్ కొనేయనా, ఆగనా?

ఇర్వింగ్ కుర్రోడు:

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మా వీధి చివరి ఇంటి పెద్దాయన దగ్గర 1970 షెవెల్ మాలిబు కొన్నాను. రెండు తలుపులది, 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్, రెండు బ్యారెళ్ళ కార్బురేటర్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.08. ఏసీ ఉంది, పనిచేస్తుంది కూడా (డాలస్ ఎండలో ఏసీ లేకపోతే మా ఆవిడ ఎక్కనే ఎక్కదు). ఆదివారం పిల్లలతో ఫ్రిస్కో హనుమాన్ గుడికి, ఎప్పుడైనా పొద్దున్నే కార్ల షోకి, అంతే వాడకం. రేసుల్లేవు.

సంగతేమిటంటే బండి పొగ కక్కుతోంది. స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక బుస్సు, సరే వాల్వ్ సీళ్ళు అనుకున్నా, కానీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాలు నొక్కినా అదే పొగ. కంప్రెషన్ చూస్తే ఏడు సిలిండర్లు 140 నుంచి 150 పీఎస్‌ఐ మధ్య ఉన్నాయి, ఆరోది ఒక్కటే 95. అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 130కి లేచింది, అంటే రింగులు అరిగినట్టే. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ 8, 10 దగ్గర ఊగుతోంది. కాబట్టి దించక తప్పదని అర్థమైంది.

ఇప్పుడు ఒక మాస్టర్ కిట్ కనిపిస్తోంది, కార్టులో పెట్టి మూడు రోజులైంది. 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్ద సైజు డిష్ పిస్టన్లు (పైన గుంత ఉన్నవి), రింగులు, బేరింగులు, ఆయిల్ పంపు, చైన్, గాస్కెట్లు అన్నీ అందులోనే. క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్టు) మనం ఎంచుకోవచ్చు, నేను 50 థౌ లిఫ్ట్ దగ్గర 234 డిగ్రీల డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే కాలం) ఉన్నదాని మీద కన్నేశాను, ఆ గుడగుడ శబ్దం కోసమే, దాచేదేముంది. హెడ్స్ (సిలిండర్ల పైన కూర్చునేవి) పాతవే పెడదామని, వాటి మీద కాస్టింగ్ నంబరు చివర 441 ఉంది. కొనేయనా? రోలర్ క్యామ్ (లిఫ్టర్ కింద చిన్న చక్రం దొర్లే రకం) అంటున్నారు, అంత డబ్బు పెట్టడం అవసరమా?


వీకెండ్ రెంచి:

ముందు ఆ కార్టు ఖాళీ చెయ్యి బ్రదర్. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) కొలవకుండా పిస్టన్లు కొనడమంటే పిల్లాణ్ణి తీసుకెళ్ళకుండా చెప్పులు కొన్నట్టే. నేను ఆ పని చేసే కూర్చున్నా. 30 థౌ కిట్ తెప్పించాక ఇంజన్ విప్పితే, నాకంటే ముందే ఎవరో 30 థౌ బోరు వేసేశారని తేలింది, నాకు 40 కావాల్సొచ్చింది. అమ్మినవాళ్ళు పెట్టె తెరిచారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. ఆ ఎనిమిది పిస్టన్లు ఇప్పటికీ గరాజ్ షెల్ఫులో వరసగా ఉన్నాయి, మా అబ్బాయి వాటిలో పెన్సిళ్ళు పెట్టుకుంటాడు.


హ్యూస్టన్ వీ8:

383 చెయ్యి బ్రో, అంటే పెద్ద క్రాంక్ వేసి ఈ 350నే 383 క్యూబిక్ అంగుళాలు చేసెయ్, ఇంకేం ఆలోచించకు.


పిస్టన్ బాబాయ్:

బాబూ, నోవై నుంచి రాస్తున్నాను, డెట్రాయిట్ పక్కన. ముప్పై ఏళ్ళకు పైగా ఇంజన్ టెస్టింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఆగస్టులో వుడ్‌వార్డ్ క్రూజ్‌కి (పాత కార్ల ఊరేగింపు) మీ బండి లాంటివి వందల్లో చూస్తుంటాను, వాటిలో సగం ఐడిల్‌లో సింహంలా గుర్రుమంటాయి, సిగ్నల్ పడితే మాత్రం పిల్లిలా కదులుతాయి. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

మీరు చెప్పిన సామానునే లెక్కేద్దాం. 441 హెడ్‌లో చాంబర్ (మిశ్రమం కాలే గుంత) దగ్గర దగ్గర 76 సీసీ. 30 థౌ బోరు వేశాక 4.030 అంగుళాల బోరు, 3.48 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), అంటే ఒక్కో సిలిండర్ 727 సీసీ. సాధారణ హెడ్ గాస్కెట్ 39 థౌ మందం, అది ఒక 8 సీసీ పైన. డిష్ పిస్టన్ గుంత 12 సీసీ అనుకోండి. పిస్టన్ పైకొచ్చాక కూడా బ్లాక్ పైభాగానికి 25 థౌ కిందే ఆగుతుంది, అదొక 5 సీసీ. అన్నీ కలిపి భాగిస్తే కంప్రెషన్ నిష్పత్తి 8.15 వస్తుంది. ఇక్కడితో అయిపోలేదు. చౌక కిట్లలో వచ్చే పిస్టన్లు చాలా వాటికి పిన్ను నుంచి పైదాకా ఎత్తు 1.560 బదులు 1.540 ఉంటుంది, బ్లాక్ పైభాగం ఇదివరకే చెక్కేసినా తగలకుండా ఉండాలని అలా చేస్తారు. మీ బ్లాక్ చెక్కలేదనుకోండి, పిస్టన్ ఏకంగా 45 థౌ కింద ఆగుతుంది, కంప్రెషన్ 7.9కి దిగిపోతుంది. దాని మీద 234 డిగ్రీల క్యామ్! ఆ క్యామ్ ఇన్‌టేక్ వాల్వ్‌ను ఆలస్యంగా మూస్తుంది, ఉన్న కాస్త కంప్రెషన్ కూడా కింది ఆర్‌పీఎమ్‌లో వెనక్కి ఊదేస్తుంది. 3.08 యాక్సిల్‌తో, 27 అంగుళాల టైరుతో, గంటకు 65 మైళ్ళ దగ్గర మీ ఇంజన్ తిరిగేదే 2500. ఆ క్యామ్ నిద్ర లేచేదే అక్కడ. పైగా వ్యాక్యూమ్ పడిపోతుంది, పవర్ బ్రేకులుంటే పెడల్ రాయిలా అవుతుంది. ఏసీ వేస్తే ఐడిల్ కుంగి ఆగిపోతుంది. గుడి పార్కింగ్‌లో పిల్లల ముందు సెల్ఫ్ కొడుతూ కూర్చోవాల్సి వస్తుంది.

అందుకే సామాను వెనక నుంచి ముందుకు ఎంచుకోవాలంటాను నేను. బండి ఎలా వాడతారు, యాక్సిల్ ఏమిటి, టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి కలిపేది) ఏమిటి, హెడ్ చాంబర్ ఎంత, వాటిని బట్టి క్యామ్, దాన్ని బట్టి కంప్రెషన్, అది సరిపోయేలా పిస్టన్. క్యాటలాగులో క్యామ్ బొమ్మ చూసి మొదలుపెడితే మిగతావన్నీ దానికోసం మార్చుకుంటూ పోవాలి, కన్వర్టర్, యాక్సిల్, స్ప్రింగులు, ఆఖరికి రేడియేటర్.

ఇప్పుడు ఏం చేయాలి. 441 హెడ్స్ ఉంచుకుంటే ఫ్లాట్ టాప్ పిస్టన్లు (పైన గుంత లేనివి), ఎత్తు 1.560 ఉన్నవే, అడిగి తీసుకోండి. వాల్వుల కోసం ఉండే నాలుగు చిన్న గాట్లు 5 సీసీ. గాస్కెట్ 39 థౌ పెడితే 8.7. అదే 15 థౌ స్టీల్ షిమ్ గాస్కెట్ పెడితే 9.1, పైగా పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు 25కి 15 కలిపి 40 థౌ అవుతుంది, అది మనం కోరుకునే అంకె. ఆ సందు బిగుతుగా ఉంటే మిశ్రమం చాంబర్లోకి చిమ్మినట్టు వెళ్ళి త్వరగా కాలుతుంది, నాకింగ్ తగ్గుతుంది. షిమ్ గాస్కెట్‌తో ఒకటే పేచీ, రెండు ముఖాలూ అద్దంలా సాఫీగా ఉండాలి.

పిస్టన్ లోహం సంగతి: 5500 దాటని వీధి బండికి హైపర్‌యూటెక్టిక్ (సిలికాన్ ఎక్కువున్న అల్యూమినియం పోత) చాలు. ఫోర్జ్‌డ్ మంచిదే, కానీ ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సందు ఎక్కువ ఉంచాలి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు టకటకలాడుతుంది. హైపర్‌యూటెక్టిక్ కొన్నిటికి పై రింగు గ్యాప్ మామూలు లెక్కకంటే బాగా ఎక్కువ ఉంచమని పెట్టెలో కాగితం ఉంటుంది, అది పారేయకుండా చదవండి. రింగు చివర్లు వేడికి ఒకదానికొకటి గుద్దుకుంటే పిస్టన్ పైఅంచు ఊడి చేతికొస్తుంది.


హ్యూస్టన్ వీ8:

బాబాయ్ గారు ఇంత రాశారు గానీ 383 అయితే ఈ గోలే ఉండదు కదా


పిస్టన్ బాబాయ్:

ఉంటుంది. 3.75 స్ట్రోకు కాబట్టి కంప్రెషన్ లెక్క ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి, రాడ్ బోల్టు బ్లాక్ అంచుకు తగలకుండా అరగదీయాలి, క్యామ్‌కు తగలకుండా చూసుకోవాలి. టార్క్ బాగుంటుంది, కాదనను. కానీ ఈయనకు కావాల్సింది పొగ ఆగడం.


ఆటోనగర్ బుల్లోడు:

బాబాయ్ గారి లెక్కకు నాది తోక. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ షాపు ఉండేది, ఇంటర్ అయ్యేదాకా సెలవులన్నీ హోనింగ్ (బోరు గోడను సాఫీగా రుద్దే) మెషిన్ పక్కనే గడిచాయి. ఇప్పుడు నార్త్ కరోలినాలో ఉంటున్నా. అంబాసిడర్ అయినా షెవీ అయినా నాన్న ఒకటే మాట అనేవాడు, కస్టమర్ సామాను పట్టుకుని వచ్చాడంటే తగాదా పట్టుకుని వచ్చినట్టేరా అని. సామాను షాపు చెప్పాక కొనాలి.

అన్నా, నువ్వు మొదట చేయాల్సింది మీ ఊళ్ళో మంచి మెషిన్ షాపు వెతకడం, కిట్ కాదు. బ్లాక్ వేడి ట్యాంకులో కడిగించు, పగుళ్ళు ఉన్నాయేమో మాగ్నాఫ్లక్స్ చేయించు. ప్రతి బోరూ పైన, మధ్యలో, కింద, అడ్డంగా నిలువుగా కొలిపించి కాగితం మీద రాయించుకో. 30కి శుభ్రపడితే 30, లేకపోతే 40. 60 దాకా వెళ్ళొచ్చంటారు గానీ వీధి బండికి, అదీ టెక్సస్ ఎండకి, గోడ పలచబడితే వేడెక్కుతుంది, నేనైతే వెళ్ళను. పిస్టన్లు షాపు చేతికిచ్చాకే ఆఖరి హోనింగ్, ఏ పిస్టన్ ఏ బోరుకో నంబరు వేయించు. టార్క్ ప్లేటు బిగించి హోన్ చేసే షాపు దొరికితే వదలకు, హెడ్ బోల్టులు బిగిస్తే బోరు కొంచెం వంకర పోతుంది, ఆ వంకరతోనే హోన్ చేస్తే నడిచేటప్పుడు గుండ్రంగా ఉంటుంది.

నీ వేడి ఐడిల్‌లో 8, 10 ప్రెషర్ ఉందన్నావు, వెయ్యి ఆర్‌పీఎమ్‌కి పది అనే పాత లెక్కకు అది మరీ భయపడేదేం కాదు, కానీ ఎలాగూ దించుతున్నావు కాబట్టి క్రాంక్ కొలిపించు. మెయిన్ జర్నల్ (బేరింగ్‌లో తిరిగే గుండ్రటి భాగం) 2.45 అంగుళాలు, రాడ్ జర్నల్ 2.10 దగ్గర ఉండాలి, అరిగితే 10 థౌ గ్రైండ్ చేసి ఆ సైజు బేరింగులు. బేరింగ్ సందు 2 నుంచి 2.5 థౌ. కిట్‌లో హై వాల్యూమ్ పంపు ఉంటే మురిసిపోకు, సందులు సరిగ్గా ఉంటే మామూలు పంపే చాలు. పంపు నడిపే షాఫ్టుకు మాత్రం ప్లాస్టిక్ కాలర్ కాకుండా స్టీల్ కాలర్ ఉన్నది వెయ్యి, అణా పైసల ఖర్చు.

ఇంకో సంగతి, ఈ ఇంజన్‌తో ఇది గుర్తుంచుకోవాలి. దీని హెడ్ బోల్టుల రంధ్రాలు వాటర్ జాకెట్‌లోకి తెరుచుకుంటాయి. మరలకు సీలెంట్ రాయకుండా బిగిస్తే కూలెంట్ బోల్టు వెంబడి పైకి పాకుతుంది, నువ్వు గాస్కెట్ పోయిందనుకుని మళ్ళీ అంతా విప్పుతావు. పాత రాడ్లు రీసైజ్ చేయించి కొత్త బోల్టులు వేయించడానికయ్యే ఖర్చు, కొత్త రాడ్ల ధర, రెండూ పక్కపక్కన పెట్టి చూడు, చాలాసార్లు కొత్తవే నయం. అయితే రాడ్లు, పిస్టన్లు మారితే బరువులు మారతాయి, బ్యాలెన్స్ చేయించాలి.


ఇర్వింగ్ కుర్రోడు:

కార్టు ఖాళీ చేశాను :) ఇంకో ప్రశ్న. ముందువైపు, కుడి హెడ్ కింద బ్లాక్ మీద నంబర్లు చెక్కి ఉన్నాయి, అందులో చివరి అంకెలు బండి నంబరుతో కలుస్తున్నాయి. ఇక్కడి షాపాయన 'బ్లాక్ పైభాగం చెక్కేద్దాం, జీరో డెక్ చేద్దాం' (పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికి సమానంగా) అంటున్నాడు. సరేననా?


పిస్టన్ బాబాయ్:

వద్దు వద్దు వద్దు. ఆ నంబర్లు ఉన్న చదునే డెక్. కట్టర్ ఒక్కసారి వెళ్తే అవి మాయమవుతాయి, అది ఈ బండితో పుట్టిన ఇంజనే అనడానికి ఇక సాక్ష్యం ఉండదు. మీది ఎస్‌ఎస్ 454 లాంటి ఖరీదైన మోడల్ కాదు, మామూలు మాలిబు, అయినా సరే. ముందు ఫోటోలు తీయండి. షాపాయనకు నోటితో చెప్పి ఊరుకోకుండా పని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించండి, బ్లాక్ మీద టేపు వేసి దాని మీద కూడా రాయండి. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడమనండి, డెక్ సాపుగా ఉంటే ముట్టుకోనక్కర్లేదు. చెక్కాల్సిన తేడా ఏదైనా ఉంటే హెడ్స్ చెక్కించుకోండి, వాటి మీద సాక్ష్యాలేం లేవు.


అట్లాంటా అన్న:

రోలర్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? నేను రెండేళ్ళ కింద ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (చక్రం లేని లిఫ్టర్లు దాని మీద రాసుకునే పాత రకం) వేశాను, బ్రేక్ ఇన్ (కొత్త ఇంజన్‌ని మొదటిసారి నడిపి సర్దడం) అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాను, మూడొందల మైళ్ళకు టిక్ టిక్ మొదలైంది. విప్పితే ఒక లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) గుండ్రంగా అరిగిపోయింది, దాని మీద కూర్చునే లిఫ్టర్ కింది ముఖం గిన్నెలా గుంతపడింది. ఆ ఇనుప పొడి మొత్తం కొత్త బేరింగుల్లోకి వెళ్ళింది. మొత్తం మళ్ళీ మొదటి నుంచి. అమ్మినవాళ్ళు నాదే తప్పన్నారు, లిఫ్టర్ గట్టిదనం సరిగ్గా లేదని నా అనుమానం, ఎవరు తేలుస్తారు? రెండోసారి రోలర్ వేశాను, ప్రశాంతంగా నిద్రపోతున్నా.


ఆటోనగర్ బుల్లోడు:

అన్నా అది నిజమే గానీ 70 బ్లాక్‌కి ఫ్యాక్టరీ రోలర్ లిఫ్టర్లు నేరుగా కుదరవు, అవి 87 నుంచి వచ్చిన బ్లాకులకు. దీనికి రెండేసి కలిపి కట్టిన రెట్రోఫిట్ లిఫ్టర్లు కావాలి, అవే క్యామ్ కంటే ఖరీదు. పుష్‌రాడ్ల పొడవు మారుతుంది. క్యామ్ ముందుకు జారకుండా బటన్ పెట్టాలి, ఎందుకంటే ఫ్లాట్ ట్యాపెట్ లోబ్‌కి ఉండే కొద్దిపాటి వాలు వల్ల అది తనంతట తానే వెనక్కి నెట్టుకుని ఉంటుంది, రోలర్ లోబ్‌కి ఆ వాలు ఉండదు. డిస్ట్రిబ్యూటర్ గేరు కూడా ఆ క్యామ్ లోహానికి సరిపడేది వేయాలి, లేకపోతే గేరు పళ్ళు పోతాయి. ఇవన్నీ కలిపి ధర వేసుకుని అప్పుడు నిర్ణయించుకోవాలి.


పిస్టన్ బాబాయ్:

అట్లాంటా ఆయనకు జరిగింది చాలామందికి జరిగింది, కొట్టిపారేయను. ఇప్పటి ఆయిళ్ళలో జింక్, ఫాస్ఫరస్ తగ్గించేశారు, క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా. పాత ఫ్లాట్ ట్యాపెట్‌ని కాపాడేది ఆ రెండే. దానికి తోడు లిఫ్టర్ల నాణ్యత ఒక్కోచోట ఒక్కోలా ఉంటోంది. డబ్బు ఇబ్బంది లేకపోతే రోలరే వేయండి, వాదన లేదు.

కానీ మెత్తటి క్యామ్, మెత్తటి స్ప్రింగులతో ఫ్లాట్ ట్యాపెట్ ఇప్పటికీ బతుకుతుంది. అరిగించేది ఎక్కువ లిఫ్ట్, బిగుసు స్ప్రింగులు. ఈయన వాడకానికి కాంప్ క్యామ్స్ ఎక్స్‌ఈ262 లాంటిది సరిపోతుంది, 50 థౌ దగ్గర 218, 224 డిగ్రీలు. ఐడిల్‌లో చిన్న గుడగుడ ఉంటుంది, వ్యాక్యూమ్ మిగులుతుంది, పాత టార్క్ కన్వర్టర్‌తో నడుస్తుంది. పైన నాలుగు బ్యారెళ్ళ కార్బురేటర్, ఎడెల్‌బ్రాక్ పెర్ఫార్మర్ లాంటి ఐడిల్ నుంచి లాగే మానిఫోల్డ్. ఆర్‌పీఎమ్ అని రాసి ఉన్న దాని అన్నయ్య వద్దు, అది ఎక్కువ తిరిగే ఇంజన్లకు.

ఇంకో దారి చెప్పి ముగిస్తా. 441 హెడ్స్‌కి గట్టి ఎగ్జాస్ట్ సీట్లు, కొత్త గైడులు, వాల్వులు, మరల స్టడ్లు అన్నీ వేయిస్తే బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. 96 నుంచి 2000 దాకా ట్రక్కుల్లో వచ్చిన వోర్టెక్ హెడ్స్, చివర 906 లేదా 062, వాటి పోర్టులు చాలా మెరుగు. కానీ చాంబర్ 64 సీసీ, ఫ్లాట్ టాప్‌తో 39 థౌ గాస్కెట్ పెట్టినా 9.8, ఇనుప హెడ్స్‌కి జులై డాలస్‌లో అది అంచు మీద నడక. డీ ఆకారం గుంత ఉన్న 12 సీసీ పిస్టన్, 28 థౌ గాస్కెట్ వేస్తే 9.3. గుండ్రటి గుంత కాదు, డీ. వాటికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేరు, వాల్వ్ కవర్లు మధ్యలో బోల్టులవి, సీట్ల మధ్య పగుళ్ళు చూపించుకోవాలి, 470 థౌ లిఫ్ట్ దగ్గరికొస్తే స్ప్రింగ్ పైన ఉండే రిటైనర్ వాల్వ్ సీలును కొడుతుంది. పైన చెప్పిన క్యామ్ సరిగ్గా ఆ అంచునే ఉంది, కొలవకుండా వేయొద్దు.


ఇర్వింగ్ కుర్రోడు:

ఐదు వారాల తర్వాత అప్‌డేట్. బ్లాక్ ఇంతవరకూ ఎవరూ బోరు వేయనిదే. ఆరో బోరు పైకీ కిందకీ 8 థౌ తేడా, 30కి శుభ్రపడింది. క్రాంక్ 10 థౌ గ్రైండింగ్. డెక్ సాపుగా ఉంది, ముట్టుకోలేదు, నంబర్లు క్షేమం (షాపాయన నా టేపు చూసి నవ్వాడు, నవ్వనీ). వోర్టెక్ చాలా ఊరించింది గానీ ఇంజన్ బయటి రూపు మారకూడదని 441నే చేయించాను, బిల్లు చూసి కళ్ళు తిరిగిన మాట నిజమే, హెడ్స్ తేలిగ్గా చెక్కించాక చాంబర్ 75 సీసీ కొలతకొచ్చింది. 1.560 ఫ్లాట్ టాప్ హైపర్‌యూటెక్టిక్ పిస్టన్లు, 15 థౌ షిమ్, లెక్క వేస్తే 9.2. క్యామ్ బాబాయ్ గారు చెప్పిన 262, ఫ్లాట్ ట్యాపెట్, లిఫ్టర్లు కూడా కొత్తవే. అట్లాంటా అన్నా, నన్ను తిట్టకు, రోలర్ డబ్బు హెడ్స్ తినేశాయి.

ఈ ఆదివారం మొదటి స్టార్ట్. బ్రేక్ ఇన్ ఆయిల్ పోశాను, క్యామ్ పేస్టు పూశాను. ఇంకేమైనా మర్చిపోయానా?


అట్లాంటా అన్న:

తిట్టను, కానీ విను. డిస్ట్రిబ్యూటర్ తీసి డ్రిల్లుతో ఆయిల్ పంపు తిప్పు, పదహారు రాకర్ల దగ్గరా ఆయిల్ వచ్చేదాకా, మధ్యలో ఎవరినైనా క్రాంక్ చేత్తో తిప్పమను. టైమింగ్ ముందే సరిచూసుకో, కార్బురేటర్ గిన్నె పెట్రోల్‌తో నింపు, ఎందుకంటే సెల్ఫ్ కొడుతూ ఉంటే లోబ్ మీద పేస్టు తుడుచుకుపోతుంది, మొదటి తిప్పుకే అందుకోవాలి. అందుకున్న వెంటనే 2000 పైకి, 2000కీ 2500కీ మధ్య మారుస్తూ 20 నిమిషాలు. ఐడిల్‌కి దించకు. లీకు కనిపిస్తే ఆపేసి బాగుచేసి మళ్ళీ మిగిలిన నిమిషాలు. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి ఆ ఫిల్టర్ కోసి మడతలు చూడు, నా దాంట్లో మెరుపులు కనిపించాయి, నేనే పట్టించుకోలేదు.


ఇర్వింగ్ కుర్రోడు:

అందుకుంది. రెండో తిప్పుకి. 20 నిమిషాలూ పూర్తి, రేడియేటర్ ముందు పెడెస్టల్ ఫ్యాన్ పెట్టాం, బండి అమ్మిన పెద్దాయన స్వయంగా వచ్చి నీళ్ళ పైపు పట్టుకుని నిలబడ్డాడు. పొగ లేదు. వేడి ఐడిల్‌లో ప్రెషర్ 28. ఫిల్టర్ కోశాను, మడతల్లో బూడిద రంగు పేస్టు తప్ప మెరుపులు కనిపించలేదు, ఫోటోలు సాయంత్రం పెడతాను, బాబాయ్ గారు ఒకసారి చూసి చెప్పండి.